గుత్తి కోట కింద

నిన్న గుత్తి కోట దిగి, కొండ కిందున్న ఇంగ్లీషోళ్ల సమాధుల దగ్గర కూర్చుండిపోయాను. 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రోను మొదట పూడ్చింది ఇక్కడే. 1831లో అవశేషాలను మద్రాసుకు తీసుకెళ్లారు. మద్రాసు గవర్నరై కూడా, పదవి వదిలేముందు తాను కలెక్టరుగా తిరిగిన సీమను మళ్లీ చూడాలని వచ్చిన మనిషి! రైతుల శిస్తులో నాలుగో వంతు తగ్గించమని 1807లోనే రాశాడు. మనవాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని ఊరికే పెట్టుకోలేదు.

ఆయన సంగతి అందరికీ తెలుసు. నన్ను ఆపేసింది మాత్రం పక్కనున్న చిన్న సమాధి. ముళ్లకంప పక్కకు జరిపి, దుమ్ము తుడిచి, వేలితో తడిమాను. పేరు అరిగిపోయింది, ఒక్క అక్షరం గాడి మాత్రం తగిలింది. ఎవరి బిడ్డో. చీకటి పడేదాకా లేవలేకపోయాను.