రోజూ వచ్చిన ఆ 1,100 ఎవరివో తెలిసిన రోజు

నేను హనుమకొండలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను. పెళ్లిళ్లప్పుడు చేతినిండా పని ఉంటుంది. మూఢం వచ్చిందంటే మగ్గం మీద గుడ్డ కప్పేయాల్సిందే. అలాంటి రోజుల్లోనే మా తోటికోడలు వాట్సాప్‌లో ఒక లింకు పంపింది. "నాకు డబ్బులు పడుతున్నాయక్కా, నువ్వూ చూడు" అంది. తను అబద్ధం చెప్పలేదు. అప్పటికి తనకు నిజంగానే పడుతున్నాయి.

యాప్‌లో వీడియోలు చూసి లైక్ కొట్టడమే పని. వీఐపీ-1కి 3,000 కడితే రోజుకు 100, వీఐపీ-3కి 30,000 కడితే రోజుకు 1,100. ఎవరినైనా చేర్పిస్తే వాళ్లు కట్టినదాంట్లో 10 శాతం మనకు. రోజుకు పదిహేను వీడియోలు, ఒక్కోటి అర నిమిషం కూడా ఉండదు. ఒక బ్లౌజు చేతుల మీద నెమలి కుట్టాలంటే నేను రెండు రోజులు నడుము వంచి కూర్చోవాలి. అలాంటిది, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు 100 వస్తుంటే మనసు లాగింది.

ముందు 3,000 కట్టాను. పన్నెండు రోజుల్లో 1,200 నా బ్యాంకు ఖాతాలోకే వచ్చింది. ఆ డబ్బుతో పిల్లలకు చెప్పులు కొన్నాను. ఇక అనుమానం ఎందుకుంటుంది? అదే నెల చీటీ పాడి 30,000 తెచ్చి వీఐపీ-3 కట్టాను. తర్వాత మా తమ్ముడితో 12,000 కట్టించాను. పక్కింటి అక్క మహిళా సంఘంలో లోను తీసుకుంది. ఆమెతోనూ 30,000 కట్టించాను. మా వంటింట్లో కూర్చుని ఆమె ఫోన్‌లో యాప్ ఎక్కించింది నేనే. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

వీఐపీ-3 మొదలయ్యాక నాలుగుసార్లు 1,100 చొప్పున తీసుకోగలిగాను. ఐదోసారి "ప్రాసెసింగ్‌లో ఉంది" అని వచ్చింది. టెలిగ్రామ్ గ్రూపులో అడిగితే సర్వర్ మారుతోంది, ఓపిక పట్టండి అన్నారు. యాప్‌లో మాత్రం అంకె రోజూ పెరుగుతూనే ఉంది. అది 40,000 అయిన రోజు, డబ్బు విడుదల కావాలంటే 18 శాతం ట్యాక్స్ ముందుగా కట్టాలని మెసేజ్ వచ్చింది. 7,200. గాజులు తాకట్టు పెట్టి అదీ కట్టాను. ట్యాక్స్ అయితే మనకు వచ్చేదాంట్లోంచి పట్టుకోవాలి గానీ మళ్లీ మన జేబులోంచి ఎందుకు కట్టమంటారు? ఆ ప్రశ్న నాకు కట్టిన తర్వాత తట్టింది. తెల్లారేసరికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఆ పొద్దున మా ఆయనకు చెప్పడానికి గంట పట్టింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. అటువైపు ఆమె ఏ బ్యాంకు, ఎంత, ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగింది. ప్రతి చెల్లింపుకూ యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబరు, చదవమంది. యూపీఐ యాప్‌లో హిస్టరీ తెరిస్తే పన్నెండు అంకెలు కనిపిస్తాయి, అదే. నేను చదువుతుంటే మధ్యలో తప్పు పోయింది, ఆమె విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి రాసుకుంది. కాసేపటికి ఫిర్యాదు నంబరుతో ఎస్సెమ్మెస్ వచ్చింది. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లోకి వెళ్లి అదే నంబరు మీద స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఎక్కించాం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ముందు రోజు సాయంత్రం కట్టిన 7,200లో 7,000 ఆగింది. అది రెండో ఖాతాలోకి దూకి అక్కడ ఇంకా ఉండగానే బ్యాంకు పట్టుకుంది. నెల కిందట కట్టిన 30,000లో ఆగింది 5,000 మాత్రమే, మిగతాది ఎప్పుడో చేతులు మారిపోయింది. "ప్రాసెసింగ్" అని వచ్చిన మొదటి రోజే ఫోన్ చేయాల్సింది. సిగ్గుతో, ఆశతో నేను ఆ రోజులన్నీ పోగొట్టుకున్నాను.

సైబర్ క్రైమ్ స్టేషన్‌లో ఎస్సై గారు అంతా విని, "ఎంతమందిని చేర్పించారమ్మా?" అని అడిగారు. ఇద్దరిని అన్నాను. మనుషుల్ని చేర్పిస్తే డబ్బు వస్తుందని ఆశచూపే మనీ సర్క్యులేషన్ స్కీముల మీద 1978లోనే నిషేధ చట్టం వచ్చిందని, అలాంటి స్కీముల్లోకి జనాన్ని చేర్పించడం కూడా దాని కింద నేరమేనని చెప్పారు. కాళ్లు చల్లబడ్డాయి. "మీరూ మోసపోయారు కాబట్టి ఉన్నదున్నట్టు రాసివ్వండి, వాళ్లతో కూడా ఫిర్యాదు చేయించండి" అన్నారు. తమ్ముడు ఆ రోజే చేశాడు. అక్కను నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. దారి పొడవునా ఆమె మాట్లాడలేదు.

ఆ తర్వాత పదిరోజులకు ఇంకో సంగతి బయటపడింది. ఏటీఎంలో నా ఖాతాలో ఉన్న డబ్బు మొత్తం రావడం లేదు. బ్యాంకుకు వెళ్తే 1,100 హోల్డ్‌లో ఉందన్నారు. మహారాష్ట్రలో ఎవరో ఫిర్యాదు చేశారట, వాళ్ల డబ్బు నా ఖాతాలోకి వచ్చిందట. నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోలేదన్నాను. కౌంటర్లో అమ్మాయి స్టేట్‌మెంటు ప్రింటు తీసి, పెన్నుతో నాలుగు చోట్ల గీత గీసి నా వైపు తిప్పింది. నాలుగు 1,100లు, నాలుగు వేర్వేరు మనుషుల పేర్లు. కంపెనీ పేరు ఒక్కటీ లేదు. అందులో ఒకటి ఆడపేరు, ఫిర్యాదు చేసింది ఆమే.

నేను జీతం అనుకున్నది ఆమె కట్టిన డబ్బు. నేను కట్టినది ఇంకెవరి ఫోన్‌లోనో జీతంగా మోగి ఉంటుంది. మా పిల్లల చెప్పులు ఎవరి డబ్బుతో వచ్చాయో ఆ క్షణంలో అర్థమై, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. డబ్బు పడింది కాబట్టి నిజమే అనుకునేవాళ్లు, పడినప్పుడు పంపినవాళ్ల పేరు ఒక్కసారి చూడండి. నా పాస్‌బుక్‌లో అది మొదటి రోజు నుంచీ ఉంది. నేనే చదవలేదు.

ఆ 1,100 ఆమెకు తిరిగివ్వడానికి నాకు అభ్యంతరం లేదని రాసి, నా ఫిర్యాదు కాపీ జతచేసి మహారాష్ట్రలో ఆమె ఫిర్యాదు చేసిన స్టేషన్‌కు మెయిల్ పంపాను. ఈలోగా "పోయిన సొమ్ము ఇప్పిస్తాం, ఫీజు 2,500" అని ఒకతను ఫోన్ చేశాడు. నా ఫిర్యాదు సంగతి వాడికెలా తెలుసో గానీ, కట్ చేసి ఆ నంబరు కూడా పోలీసులకిచ్చాను.

ఆగిన డబ్బు దానంతట అది రాదు. మా సైబర్ క్రైమ్ స్టేషన్ వాళ్లు కేసులు రాజీతో తేల్చే లోక్ అదాలత్‌కు పెడతామంటే ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు, ఫిర్యాదు కాపీ ఇచ్చి సంతకం పెట్టాను. కోర్టు ఫీజు లేదు, వకీలును పెట్టుకోలేదు. తారీఖు కోసం ఐదు నెలలు ఎదురుచూశాను. ఆర్డరు బ్యాంకుకు చేరాక 12,000 నా ఖాతాలో పడింది. ఈసారి పంపినవాళ్ల పేరు రెండుసార్లు చదివాను.

అక్క కట్టినదాంట్లో రూపాయి కూడా ఆగలేదు. ఆ 12,000 డ్రా చేసి నేరుగా ఆమె ఇంటికే వెళ్లాను. తీసుకోనంది. నెలనెలా సంఘం మీటింగులో వాయిదా కట్టలేక ఆమె తల దించుకుని కూర్చుంటోందని నాకు తెలుసు. డబ్బు వాళ్ల దేవుడి గూట్లో పెట్టి వచ్చేశాను. మిగిలిన 18,000కు నెలకు 1,500 చొప్పున వాయిదా నేనే కడుతున్నాను. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి, మగ్గం మీద రెండు బ్లౌజులున్నాయి. ఈ నెలది మొన్న కట్టేశాను, ఇంకా తొమ్మిది ఉన్నాయి.