తల్లికి వందనం డబ్బులు పడ్డాయి, మూడు కరెంటు మీటర్లు దాటినాక

నిన్న సాయంత్రం మిషను ముందు కూర్చుని జాకెట్టు కుడుతుంటే ఫోను రెండుసార్లు మోగింది. పెద్దదాని పేరు మీద 13,000, చిన్నోడి పేరు మీద 13,000. చదివింది మళ్లీ చదివి, మా అత్త దగ్గరికి పరుగెత్తుకుపోయి చెప్పినా. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఆంధ్రప్రదేశ్ సర్కారు ఇచ్చే ఈ తల్లికి వందనం డబ్బు కోసం నెల రోజులుగా పడిన అవస్థ మరిచిపోకముందే రాసేస్తున్నా. మా మాదిరి వాళ్లు ఇంకా చాలామంది తిరుగుతున్నారు.

మాది కోసిగి వైపు పల్లె. మా దిక్కు సుగ్గి అంటే ఏమిటో కర్నూలు జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. సంక్రాంతికి ముందూ వెనకా ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంటూరు దిక్కు మిర్చి కోతలకు లారీలెక్కి పోతారు, పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు. ఇంట్లో చూసుకునే ముసలోళ్లు లేకపోతే ఏం చేస్తారు పాపం! మూడు నెలలు చేలో గుడిసెలో పెరిగిన పిల్ల తిరిగొచ్చినాక బడిలో పలక పట్టుకోవాలంటే సిగ్గుపడుతుంది. మా పెద్దదాని తరగతిలో అట్లా చదువు మానేసిన పిల్లలు నాకు తెలుసు.

అందుకే పెళ్లయిన కొత్తలోనే చెప్పినా: సుగ్గికి నువ్వు పో, నేనూ పిల్లలూ కదలం. నేను మిషను కుట్టి ఇల్లు గడుపుతా. పోయిన ఏడాది మూడో తరగతిలో నా బిడ్డ బడికి పోని రోజులు మొత్తం ఆరు, అవీ జ్వరం వచ్చిన రోజులే. 75 శాతం హాజరుండాలని పథకంలో రాసినారు గదా, నా బిడ్డది అంతకన్నా చాలా ఎక్కువ. ఈ మాట గట్టిగా చెప్పుకునే హక్కు నాకుంది.

దీనికి ముందు అమ్మఒడి పథకం ఉన్నప్పుడు ఇంట్లో ఒక్క బిడ్డకే ఇస్తుండిరి. 2023 జూన్‌లో మా పెద్దదానికి వచ్చింది, ఆ తర్వాతి ఏడాది ఎవరికీ రాలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం మొదలైంది, చదివే పిల్లలందరికీ అన్నారు. ఒక్కొక్కరికి 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోగా తల్లి ఖాతాలో 13,000. ఆ రెండువేలు పట్టుకోవడం మీద మా ఊర్లో చాలామంది గొణుగుతారు. నాకు మాత్రం బాధ లేదు. మరుగుదొడ్డిలో నీళ్లు లేకపోతే ఆడపిల్ల బడికి పోదు, ఆ డబ్బుతో నీళ్లు వస్తే అంతే చాలు.

ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం, మా ఊరి సచివాలయంలో ఐదు నిమిషాల్లో అయింది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఒక్క పూటలో అయింది. మీకు ఒకటికి మించి ఖాతాలుంటే డబ్బు ఏ ఖాతాలో పడుతుందో ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే వాడని పాత ఖాతాలో పడుతుంది.

సచివాలయంలో జాబితా అంటించిన రోజు పోయి చూస్తే అర్హుల్లో నా పేరు లేదు. అనర్హుల కాగితంలో ఉంది. కారణం: కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటింది. పన్నెండు నెలల సగటు లెక్కంట. మా ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఏ నెలా డెబ్బై యూనిట్లు దాటదు. కుట్టు మిషను కూడా కాలితో తొక్కేదే.

కంప్యూటర్లో చూసి చెప్పినారు: మా ఆయన ఆధార్‌కు మా ఇంటి మీటరు కాక ఇంకో మూడు మీటర్లు తగులుకుని ఉన్నాయి. మూడూ ఆదోనిలోనే. అప్పుడు అర్థమైంది. రెండేళ్ల కిందట మా ఆయన ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు పనికి పోయి, ఇంకో ఇద్దరితో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఇంటి ఓనరు ఆధార్ జిరాక్సు అడిగితే ఇచ్చినాడు. గది ఒక్కటే, కానీ ఆ బిల్డింగులో మూడు మీటర్లు. అందులో ఒకటి కింద కూల్‌డ్రింకుల అంగడిది, రెండు పెద్ద ఫ్రిజ్జులు రాత్రీ పగలూ తిరిగేది.

సరే, కరెంటాఫీసుకు పోయి ఆ మీటర్ల నుంచి ఆధార్ తీసేయించుకుంటే అయిపోతుంది అనుకున్నా. చిన్నోణ్ని చంకనేసుకుని బస్సెక్కినా. వరుసలో గంటన్నర నిలబడినాక కౌంటర్లో ఆయన సర్వీసు నంబర్లు కొట్టి చూసి, నలుగురికీ వినపడేలా అన్నాడు: "నెలకు ఏడొందల యూనిట్లు కాలుస్తా ఉండావు, నీకు సర్కారు డబ్బు కావాల్నా తల్లీ?" వెనక ఎవరో నవ్వినారు. నా చేతిలో మా ఇంటి బిల్లు ఉంది, చూపించబోతే తీసుకోలేదు. "ఓనరును పిలుచుకొని రా పో" అని తర్వాతి మనిషిని పిలిచినాడు. చిన్నోడు నా మొహం చూసి, "అమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు" అని అడిగినాడు. ఐదేళ్ల పిల్లోడికి ఏం చెప్పాలి? ఒకరి సొమ్ము దోచుకోవడానికి వచ్చినట్టు నన్ను నిలబెట్టినారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది.

అక్కడి నుంచి ఓనరు ఇంటికి పోయినా. "నా మీటర్ల జోలికి రావద్దమ్మా" అన్నాడు. రెండోసారి మా ఆయనను వెంట తీసుకుపోయినా, తలుపు తీయలేదు. ఎందుకో మా ఊరి వాళ్లే చెప్పినారు: ఆ మూడు మీటర్లూ ఓనరు ఆధార్‌కు ఎక్కితే ఓనరు ఇంట్లో వాళ్లకు వచ్చే సర్కారు డబ్బులు ఆగిపోతాయి. మేడ ఉన్న మనిషి, కూలోడి ఆధార్ చాటున దాక్కుని, కూలోడి పిల్లల డబ్బు ఆపినాడు. దీన్ని నేను ఎప్పటికీ క్షమించను. అద్దెకు పోయేవాళ్లందరికీ చెబుతున్నా: ఆధార్ జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా "అద్దె కోసం మాత్రమే" అని తేదీతో రాసి ఇవ్వండి.

కరెంటాఫీసుకు ఇంకో రెండుసార్లు పోతే అదే మాట. చివరికి మా సచివాలయంలో కరెంటు పని చూసే పిల్లోడు దారి చూపించినాడు. "అక్కా, నువ్వు మీటరు పేరు మార్చమని అడగడం లేదు, మీ ఆయన ఆధార్ తీసేయమంటున్నావు. దానికి ఓనరు సంతకం దేనికి? సోమవారం అర్జీ పెట్టు" అన్నాడు. తెల్లకాగితం మీద మూడు సర్వీసు నంబర్లూ రాసి, మా ఇంటి ఏడాది బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు జతచేసి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చినా. నంబరున్న రసీదు ఇచ్చినారు. ఆ రసీదు చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారిపోతుంది. వారం తిరక్కముందే ఆ కరెంటాఫీసు నుంచే ఫోను: "అమ్మా, తీసేసినాం, చూసుకోండి." ఓనరు రాలేదు, సంతకం లేదు. మరి నన్ను మూడుసార్లు ఎందుకు తిప్పినట్టు?

ఆ తర్వాత సచివాలయంలో గ్రీవెన్స్, అంటే అర్హుల్లో చేర్చమని ఫిర్యాదు, పెట్టడం పది నిమిషాల పని. చిన్నోడు ఈ ఏడే అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి వచ్చినాడు కాబట్టి వాడి డబ్బు వెనక వస్తుందన్నారు. తీరా చూస్తే ఇద్దరివీ ఒకేసారి పడ్డాయి.

కౌంటర్లో నోటిమాటతో బతిమాలుకోవద్దు, అర్జీ రాసివ్వండి. రాయడం రాకపోతే మీ బిడ్డ చేత రాయించండి. నా అర్జీలో సర్వీసు నంబర్లు గుండ్రంగా రాసింది నాలుగో తరగతికి వచ్చిన నా కూతురే.

ఇందులో ఆరువేలు పక్కన పెట్టినా. పోయిన సుగ్గికి ముందు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సులో మిగిలిన బాకీ అంతే. అది తీరితే ఈసారి మా ఆయన సంక్రాంతి ఇంట్లో చేసుకుని, ఆ తర్వాతే గుంటూరు పోవచ్చు.