వెనక్కి పంపినవాళ్ల నోటుబుక్కు

ఆదివారం, రాత్రి పదిన్నర.

కాళ్లు పీకుతున్నాయి. అయినా ఇది రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

ఇవాళ కావలిలో మా లయన్స్ క్లబ్ కంటి శిబిరం. కంట్లో పొర (శుక్లం) కమ్మినవాళ్లని పరీక్షించి ఆపరేషన్‌కి పంపడం దీని పని. మా నాన్న సభ్యుడిగా ఉన్న రోజుల నుంచీ నడుస్తున్నదే. తెల్లవారి ఐదున్నరకే బడి వరండాలో బల్లలు వేసి, గోడకు ఇంగ్లిష్ ‘E’ అక్షరం చార్టు తగిలించాం. చదువు రాకపోయినా ఫరవాలేదు, గీతలు ఎటు తిరిగున్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఏడు కాకముందే తుమ్మలపెంట, జలదంకి, బోగోలు వైపు నుంచి ఆటోలు వచ్చేశాయి. చాలామంది మనవడి భుజం పట్టుకుని దిగారు.

నాది ఎప్పట్లాగే చీటీల బల్ల. పేరు, ఊరు, బీపీ, షుగర్. పక్క బల్ల దగ్గర కన్నీటి గొట్టం పరీక్ష. కంటి మూల ఉండే సన్నటి రంధ్రంలోకి సిరంజితో ఉప్పునీళ్లు ఎక్కించి, “గొంతులోకి ఉప్పగా దిగిందా?” అని అడుగుతారు. దిగిందంటే దారి బాగున్నట్టే. దిగకుండా నీళ్లు పైకి తన్నుకొస్తే గొట్టం మూసుకుపోయిందని లెక్క. అక్కడ చీము ఉంటే ఆపరేషన్ చేసిన కంట్లోకి పాకుతుంది, అసలుకే మోసం. అందుకని ముందు దానికి వైద్యం, ఆ తర్వాతే పొర తీయడం. ఇన్నేళ్లుగా వింటున్నా, “ఆ, ఉప్పగా ఉంది నాయనా” అన్న మాట చెవిన పడితే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలిచ్చి, ఆపరేషన్‌కి పనికొచ్చిన వాళ్లను నెల్లూరు ఆసుపత్రి బస్సెక్కించాం. బ్యానరు పట్టుకుని ఫొటో దిగాం. అందులో తప్పేం లేదు, అది చూసే దాతలు మళ్లీ ఇస్తారు. బస్సెక్కినవాళ్ల లెక్క నెల రిపోర్టులోకి పోతుంది. వెనక్కి పంపినవాళ్ల లెక్క మాత్రం ఎక్కడా ఉండదు.

ఇవాళ జలదంకి అవ్వకి షుగర్ 340 ఉంది. “మందులు వాడి, తగ్గాక రా” అన్నారు డాక్టరు గారు. ఆమె చీటీని మడత మీద మడత పెట్టి రొంటిన దోపుకుంది. “నాకు చెయ్యరంట నాయనా. ముసల్దాన్ని గదా” అంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. “కాదనలేదవ్వా, ఆగమన్నారు. అంతే.” బియ్యంలో రాళ్లు కనపడక ఇంట్లో మాట పడుతున్నానని అప్పుడు చెప్పింది. ఆ ‘ఆగమన్నారు’ అనే మాట ఎవరో ఒకరు కూర్చుని చెప్పకపోతే, వాళ్లు ఇంకెప్పుడూ రారు.

నాకిది ఊరికే తెలియలేదు. నాలుగేళ్ల కిందట బీపీ ఎక్కువుందని ఒక తాతని ఇలాగే పంపేశాం. చీటీ రాసింది నేనే. మళ్లీ కబురు చేసిందీ లేదు, అడిగిందీ లేదు. ఆయన వచ్చేసరికి పొర బాగా ముదిరి, కంట్లో ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతినిపోయింది. ఇక తీసినా చూపు రాదన్నారు. ఆ రాత్రే ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను.

కొత్తగా చేరిన కుర్రాడొకడు సాయంత్రం బల్లలు మోస్తూ, లయన్స్‌కి కళ్ల మీదే ఇంత పట్టు ఎందుకని అడిగాడు. నాన్న చెప్పిందే చెప్పాను. 1917లో పుట్టిన సంస్థ ఇది. 1925లో అమెరికాలో జరిగిన సభలో, చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్ స్వయంగా వచ్చి, అంధుల కోసం పోరాడే వీరులు కమ్మని అడిగారు. అప్పటి నుంచీ ఇది మన పని. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నోటుబుక్కులో సగం పేర్లు నాకివ్వండన్నా, ఫోన్లు నేను చేస్తా” అన్నాడు. ఎంత సంతోషమేసిందో!

జూలై 1కి కొత్త కార్యవర్గం వస్తుంది. వెనక్కి పంపినవాళ్లెందరు, మళ్లీ వచ్చినవాళ్లెందరు అని రిపోర్టులో ఇంకో గడి పెట్టమని గట్టిగా అడుగుతాను.

ఇవాళ్టి పేర్లు పదకొండు. అవ్వ మనవడి నంబరు మోగడం లేదు. రేపు కొట్టు తమ్ముడికి అప్పజెప్పి జలదంకి పోవాలి. షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు, దగ్గరుండి ఇప్పించాలి. పొద్దుటి మాత్రల కవరుకి రబ్బరు బ్యాండు చుట్టి, రాత్రివి ఉత్తగా వదిలేస్తే, చేత్తో తడిమి ఏది ఎప్పటిదో పోల్చుకుంటుంది. రబ్బరు బ్యాండు ఇప్పుడే జేబులో వేసుకున్నాను.