కొట్టు నాలుగిళ్ల అవతలే

మేము ఉండేది వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో. అక్కడ 2023 సెప్టెంబరు 17 నుంచి వీధి దీపాలున్న నివాస వీధుల్లో చాలావాటికి గరిష్ఠ వేగాన్ని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే దాదాపు 32 కిలోమీటర్లకు తగ్గించారు. దాన్ని రద్దు చేయాలన్న వినతిపై దాదాపు 4.7 లక్షల మంది సంతకం చేశారు. వారి చిరాకు నాకూ తెలుసు, ఖాళీ రోడ్డు మీద కారును అంత నెమ్మదిగా నడపడం విసుగే. అయితే బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్ లెక్క ప్రకారం 30 మైళ్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి 23 మీటర్లు పడుతుంది, 20 మైళ్లయితే 12 మీటర్లు చాలు. ఆ తేడాను నమ్ముకునే మా పదకొండేళ్ల అబ్బాయిని బడికి ఒంటరిగా నడిచి వెళ్లనిస్తున్నాం.

ఆగస్టు సెలవుల్లో హైదరాబాదు, నల్లకుంటలోని అమ్మావాళ్లింటికి వస్తాం. పిల్లలకు తెలుగు పట్టుబడాలన్నదే ఈ ప్రయాణానికి ముఖ్య కారణం. వారాంతపు తరగతులు అక్షరాలు నేర్పుతాయి గాని, చిల్లర అడిగి తీసుకోవడం, పక్కింటి మామ్మగారి ఆరాలకు జవాబు చెప్పడం వీధిలో తిరిగితేనే వస్తాయి. పిల్లలు స్వేచ్ఛగా తిరగగల ఊళ్లో తెలుగు వినబడదు, తెలుగు వినబడే ఊళ్లో వాళ్లను గేటు దాటనివ్వలేకపోతున్నాం. “కొట్టు నాలుగిళ్ల అవతలే కదా అమ్మమ్మా, పెరుగు ప్యాకెట్ నేను తెస్తాను” అని వాడంటే, “వద్దు నాన్నా, బళ్లవాళ్లు చూసుకోరు” అంటూ అమ్మే సంచీ అందుకుంటుంది.

విచిత్రమేమిటంటే హైదరాబాదు కాలనీ రోడ్లకూ గంటకు 30 కిలోమీటర్ల పరిమితి ఉంది, కాగితం మీద చూస్తే నల్లకుంట సందు కార్డిఫ్ వీధికన్నా నెమ్మదైనది. లోపం అంకెలో లేదు, వీధి తీరులో ఉంది. ఒకప్పటి పెరటి ఇళ్లు అయిదంతస్తుల అపార్టుమెంట్లయ్యాయి, సెల్లారులో పట్టని కార్లు వీధికి రెండు వైపులా చేరాయి, ఉన్న కాస్త ఫుట్‌పాత్‌ను గేట్ల ముందరి ర్యాంపులు ఆక్రమించాయి. నడిచేవారికి వీధి నడిమధ్య తప్ప మిగిలిన చోటు లేదు. ఆ మధ్యలోంచే పది నిమిషాల్లో సరుకులు చేర్చే బైకులు దూసుకుపోతాయి. పిల్లవాడు నడిచి వెళ్లి తేగల పెరుగు ప్యాకెట్‌ను తెచ్చే బండికి భయపడే వాణ్ణి పంపలేకపోతున్నామన్నమాట. ఆ బండి నడిపే కుర్రాణ్ణి మాత్రం నేను తప్పుపట్టను, గడియారం అతని చేతిలో లేదు.

వేగానికి విరుగుడుగా మనవాళ్లకు తెలిసింది స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. ఎవరి గేటు ముందు వారు పోయించుకున్న ఆ ఇరుకైన సిమెంటు దిమ్మలు నాన్నగారి నడుమును బాధిస్తాయి గాని, పక్కనున్న ఖాళీలోంచి తప్పించుకునే బైకును ఆపవు. మన దేశంలో రోడ్ల కొలతలు నిర్దేశించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన హంపు 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉంటుంది, దాన్ని 25 కిలోమీటర్ల వేగంతో పెద్ద కుదుపు లేకుండా దాటవచ్చు. ఆ కొలతల్లో కట్టినది మా కాలనీలో నాకు ఒక్కటీ కనబడలేదు.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మా తమ్ముడు కారుకు సైకిళ్లు కట్టి పిల్లలను అక్కడికి తీసుకెళ్లాడు, వాళ్లు ఎంతో సంబరపడ్డారు. ట్రాక్ బాగుంది, కాదనను. కాని సైకిలు తొక్కడానికి ముందు కారెక్కవలసి వస్తే ఆ సైకిలు సెలవురోజు సరదాగానే మిగిలిపోతుంది, ట్యూషనుకో కొట్టుకో వెళ్లే బండి కాదు.

కాలనీ సంఘం కార్యదర్శిగారికి నేనూ నాన్నగారూ కలిసి రెండు కోరికలు రాసిచ్చాం: కార్లు ఒక వైపే నిలపాలి, పాత దిమ్మలు తీయించి సరైన కొలతల హంపులు వేయించాలి. హంపుల కోసం మునిసిపల్ అధికారులను, ట్రాఫిక్ పోలీసులను కలవడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, కార్ల మాట ఎత్తగానే మాత్రం తదుపరి సమావేశంలో చూద్దామన్నారు. అక్కడ ఎవరేమంటారో నాన్నగారికి ముందే తెలుసు కాబట్టి, ఆ సమావేశానికి ముందురోజే తన కారును సెల్లారులోకి మార్పించారు.