బాదం రొట్టెతో బొంబాయి టోస్ట్: నా అనుభవం

ఈ ఉదయం మావారు పళ్లెంలోని రెండో ముక్క కూడా పూర్తిగా తిని, ఎన్నో నెలల తరువాత మళ్లీ బొంబాయి టోస్ట్ తిన్నట్టుందని అన్నారు. ఆ మాట వినడానికి నాకు నాలుగు ఆదివారాలు, మూడు రొట్టెలు, 600 గ్రాముల బాదం పప్పు పట్టాయి. ఆ ఆనందం ఇంకా చల్లారకముందే జరిగినదంతా రాసిపెట్టాలని కూర్చున్నాను.

ఈ ఏడాది మొదట్లో ఆయన హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష, 7.8 శాతం వచ్చింది. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం కిందే లెక్క. ఇడ్లీ, దోసెలు తగ్గించుకోవడానికి ఆయన పెద్దగా బాధపడలేదు కానీ, పెళ్లయిన నాటి నుంచి ఆదివారం పొద్దున మా ఇంట్లో తప్పకుండా ఉండే బొంబాయి టోస్ట్‌ను మానుకోవడం మాత్రం ఆయనకు చాలా కష్టమైంది. శనివారం మా ఇంట గుడ్డు ముట్టము కాబట్టి, ఆదివారం నాటి ఆ గుడ్డు టోస్ట్‌కు మా ఇంట్లో ఒక ప్రత్యేకత ఉండేది.

మొదటి ఆదివారం నేను సులభమైన దారి చూసుకున్నాను. తిరుపతిలో మేముండే వీధికి దగ్గరలోని బేకరీలో బ్రౌన్ బ్రెడ్ కొని, పంచదార వేయకుండా గుడ్డు, పాలలో ముంచి, పెనం మీద కాల్చి పెట్టాను. రెండు గంటల తరువాత వేలి చివర గుచ్చి షుగరు చూస్తే 218 వచ్చింది. తిన్న తరువాత 180 లోపు ఉంచుకోవాలని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. పంచదారే వేయనప్పుడు ఇంత ఎలా పెరిగిందో నాకు అర్థం కాలేదు. చెత్తబుట్టలోంచి ఆ బ్రెడ్డు కవరు తీసి, కళ్లజోడు పెట్టుకుని వెనుక వైపు చదివాను. మొదటి పేరు మైదా, తరువాత పంచదార, ఆ తరువాత ఎక్కడో గోధుమ పొట్టు, చివరలో క్యారమెల్ రంగు. అంటే ఆ గోధుమ వన్నె గింజ వల్ల వచ్చింది కాదు, రంగు కలపడం వల్ల వచ్చింది.

ఆ కవరు పట్టుకునే బేకరీకి వెళ్లాను. గట్టిగా మాట్లాడలేదు. ఇందులో మొదట మైదా ఉన్నప్పుడు షుగరున్న వాళ్లకు మంచిదని అద్దం మీద ఎందుకు రాసి పెట్టారని మాత్రమే అడిగాను. కౌంటరు దగ్గర కూర్చున్న ఆయన నలుగురైదుగురు కొనుగోలుదారుల ముందు నవ్వి, "కవర్లు చదివి బ్రెడ్డు కొనేవాళ్లను మిమ్మల్నే చూస్తున్నానమ్మా, షుగరుండే మనిషికి బ్రెడ్డు ఎందుకు, రాగి సంగటి పెట్టుకోండి" అన్నాడు. పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. ఇరవై ఏళ్లుగా పుట్టినరోజు కేకుల నుంచి సాయంత్రం పఫ్ల దాకా ఆ దుకాణంలోనే కొన్న నాకు ఆ క్షణాన నోట మాట రాలేదు. ఇంటికి వచ్చేదాకా చేతిలో ఆ కవరు నలిగిపోయింది. ఆ రోజు నుంచి ఆ మెట్లు ఎక్కలేదు, ఇకపై ఎక్కను కూడా.

చదివే వాళ్లకు ఒక మాట చెప్పాలి. పొట్లం మీద పదార్థాల పేర్లు బరువులో ఎక్కువ ఉన్న దాని నుంచి తక్కువ ఉన్న దానికి వరుసగా రాయాలన్నది మన దేశంలో నిబంధన. కాబట్టి ముందున్న బొమ్మను, పేరును నమ్మకుండా ఆ జాబితాలోని మొదటి రెండు పేర్లు చూడండి, విషయం తెలిసిపోతుంది. ఇక ఆ బేకరీ ఆయన చెప్పిన రాగి సంగటి సంగతి. మా జిల్లాలో సంగటి మీద మాకున్న ప్రేమ తక్కువది కాదు, దానిలో పీచు, కాల్షియం మంచి పాళ్లలో ఉన్న మాట నిజమే. అయినా 100 గ్రాముల రాగుల్లో దాదాపు 70 గ్రాములు పిండి పదార్థాలే, మైదాలో లాగే అవీ ఒంట్లో చక్కెరగా మారేవే. షుగరుకు సంగటి ఎంత తిన్నా పరవాలేదని అనుకోవడం పొరపాటు. అలాగే పంచదార బదులు మన చిత్తూరు బెల్లం వేసుకోవచ్చని చెప్పే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మా ఇంట్లో మా ఆడపడుచు ఉంది. బెల్లంలో కూడా ఉండేది ప్రధానంగా చక్కెరే.

ఇక రొట్టె నేనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. మా అమ్మాయి కొనిచ్చిన ఓటీజీని, అంటే రొట్టెలు కాల్చే చిన్న కరెంటు ఓవెన్‌ను, అటక మీద నుంచి దించాను.

మైదాకు బదులు, పిండి పదార్థాలు తక్కువగా ఉండే బాదం పిండి వాడదామనుకున్నాను. ఆ పొట్లం ధర చూసి వెనక్కి తగ్గి, గాంధీ రోడ్డులో పప్పు కొని ఇంట్లోనే పొడి చేద్దామనుకున్నాను. వేడి నీళ్లలో వేసి పొట్టు తీసి, తడి సరిగా ఆరకముందే మిక్సీలో ఆగకుండా తిప్పడంతో నూనె వదిలి ముద్దయిపోయింది. ఆ ముద్దతో చేసిన మొదటి రొట్టె ఇటుకలా బిగుసుకుంది. రెండోసారి పొట్టు తీసిన పప్పును మిద్దె మీద రెండు రోజులు ఎండబెట్టి, ఒక్కో గుప్పెడు చొప్పున ఆపి ఆపి తిప్పి, జల్లెడ పట్టాను. పిండి రవ్వలా చక్కగా వచ్చింది. 200 గ్రాముల పిండికి 4 గుడ్లు, 60 గ్రాముల కరిగించిన వెన్న, 2 పెద్ద చెంచాల ఇసబ్గోలు పొడి, 2 చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి 180 డిగ్రీల వద్ద 45 నిమిషాలు కాల్చాను. రొట్టె లోపల లేత వంకాయ రంగు ఛాయ కనబడి భయపడ్డాను కానీ, కొన్ని రకాల ఇసబ్గోలుతో అలా వస్తుందట, దాని వల్ల హాని లేదు. తప్పు మరో చోట జరిగింది. తొందరపడి వేడిగా ఉండగానే కోశాను, మధ్యలో జిగురుగా ఉంది. పైగా మామూలు బ్రెడ్డును నానబెట్టినట్టే అరగంట నానబెట్టాను. పెనం మీద తిప్పబోతే అట్లకాడ కిందే ముక్క విడిపోయింది, ఆయన పళ్లెంలోకి గుడ్డు పొరటు లాంటిది వెళ్లింది. ఆయన ఏమీ అనకుండా తిని లేచారు. నాకు మాత్రం వంటింట్లో కన్నీళ్లు ఆగలేదు.

ఆ రోజంతా ఆలోచిస్తే కారణం తెలిసింది. మైదాలో ఉండే గ్లూటెన్ సాగి, తడిసినా ముక్కను పట్టి ఉంచుతుంది. బాదంలో అది లేదు. కాబట్టి ఈ ముక్కను ఎక్కువ నానబెట్టకూడదు, తిప్పకూడదు. తిప్పకుండా కాల్చాలంటే ఓటీజీయే దారి.

మూడో రొట్టెను మొన్న శుక్రవారం సాయంత్రమే కాల్చి, రాత్రంతా చల్లారనిచ్చి, ఈ ఉదయం 10 ముక్కలు కోశాను. వాటిలో 6 ముక్కలను 120 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఆరబెట్టాను. 3 గుడ్లు, 100 మిల్లీలీటర్ల క్రీమ్, అందులో సగం నీళ్లు, 2 పెద్ద చెంచాల ఎరిథ్రిటాల్ (పంచదార బదులు వాడే తీపి పొడి), దాల్చినచెక్క పొడి, 3 యాలకులు కలిపి గిలకొట్టి వడకట్టాను. మిశ్రమం నున్నగా ఉండాలంటే ఈ వడకట్టడం మానకండి, గుడ్డులోని తెల్లటి తీగలు జల్లెడలోనే మిగిలిపోతాయి. స్వీట్‌నర్ కొనేటప్పుడు కూడా వెనుక వైపు చదవండి. స్టీవియా అని పెద్ద అక్షరాలతో ఉన్న ఒక పొట్లంలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ అని కనబడింది, అది పిండి పదార్థం నుంచి తీసే పొడి. అది చక్కెర కంటే కూడా వేగంగా రక్తంలో గ్లూకోజును పెంచుతుంది.

వెన్న రాసిన ట్రేలో ముక్కలు పేర్చి, మిశ్రమాన్ని పైన పోసి, 5 నిమిషాలు మాత్రమే ఆగి, 180 డిగ్రీల వద్ద 25 నిమిషాలు కాల్చి, చివరి 3 నిమిషాలు పై కడ్డీ మాత్రమే వెలిగించాను. అంచులు ఎర్రగా కరకరలాడాయి, మధ్యలో జున్ను లాగా మెత్తగా ఉంది. నా లెక్క ప్రకారం పీచు తీసేస్తే రొట్టె ముక్కకు 2 గ్రాముల పిండి పదార్థాలే వస్తాయి. మామూలు బ్రెడ్డు ముక్కలో 12 నుంచి 15 దాకా ఉంటాయి. అయితే బాదంలోనూ వెన్నలోనూ క్యాలరీలు ఎక్కువ కనుక మనిషికి 2 ముక్కలకు మించి వడ్డించలేదు. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడే వాళ్లు పిండి పదార్థాలను ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, డాక్టరును అడగకుండా ఇది మొదలు పెట్టకూడదు. మేము ముందే అడిగాము.

రెండు గంటల తరువాత ఆయనే వేలు చాచి చూపించారు. 141. ఆ అంకెను కేలండరులో ఈ రోజు గడిలో రాసి, మిగిలిన 4 ముక్కలను బటర్ పేపరు మధ్య పెట్టి ఫ్రీజరులో ఉంచాను. వచ్చే ఆదివారానికి మా అత్తమ్మ తనకు యాలకులు కాస్త ఎక్కువ వేయమన్నారు.