పాత కాలెండరులో 14వ తేదీ

సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ, "ఈ గుమ్మం వంగినట్టుందేంట్రా, చెద పట్టిందా?" అంది. గుమ్మం నిటారుగానే ఉంది. శుక్లాల ఆపరేషన్ రెండు కళ్లకూ ఎప్పుడో అయిపోయింది కాబట్టి పవర్ మారిందనుకుని రెండుసార్లు కళ్లజోడు మార్పించాం, అలా మూడు నెలలు పోయాయి. చివరికి రెటీనా (కంటి వెనక వెలుగును పట్టే తెర) డాక్టరు స్కాన్ తీసి మాక్యులర్ డీజనరేషన్ అన్నారు, అంటే ఆ తెర నడిమి భాగం దెబ్బతినే జబ్బు, డ్రై రకం, మధ్య దశ. ఎందుకొచ్చిందంటే "వయసు" అన్నారు. ఆ ఒక్క మాట నాకు చాల్లేదు.

బరువుతో పోల్చి చూస్తే ఒంట్లో ఆక్సిజన్ బాగా ఎక్కువ వాడుకునే వాటిలో రెటీనా ఒకటి, వెలుగును పట్టే కణాల నిండా శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. ఆ కణాలకు ఎక్కువ శక్తి ఖర్చయ్యేది ఎండలో కాదు, చీకట్లో! వెలుగు లేనంతసేపూ సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది, దాన్ని బయటికి తోడాలంటే ఏటీపీ, అంటే కణం ఖర్చు పెట్టే ఇంధనం, కావాలి, చిల్లు పడవలో నీళ్లు తోడినట్టు రాత్రంతా అదే పని. పైగా ఈ కణాలు తమ కొసల్లో దాదాపు 10వ వంతు రోజూ రాలుస్తాయి. వాటిని తిని శుభ్రం చేసేది కింద ఉన్న ఒక పలుచని పొర, పై కణాలకు గ్లూకోజ్ అందించేదీ అదే. ఆ పొరలో కణాలు మామూలుగా కొత్తవి పుట్టవు, డెబ్బై ఏళ్లూ అవే ఊడ్చాలి. వయసు మీద పడేకొద్దీ వాటి మైటోకాండ్రియా నీరసిస్తాయి, అరగని చెత్త లోపల మిగులుతుంది, పొర కింద గుట్టలుగా పేరుకుంటుంది. అమ్మ స్కాన్‌లో డాక్టరు పెన్ను మొనతో చూపించినవి ఆ గుట్టలే.

ల్యూటిన్, జింక్ ఉన్న మాత్రలు రాశారు. 2013లో ఫలితాలొచ్చిన పెద్ద పరిశోధనలో తేల్చిన ఫార్ములా అది, జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప పోయిన చూపు తిరిగి తేదు. మైటోకాండ్రియాకి బలమంటూ ఆన్‌లైన్‌లో అమ్మే పొడులు మాత్రం డాక్టర్ని అడక్కుండా కొనకండి.

రెండు కళ్లూ తెరిచి చూస్తే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది, మేం మోసపోయింది అక్కడే. అందుకే పాత జనవరి కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాం. అమ్మ రోజూ కాఫీ పెట్టే ముందు ఒక్కో కన్నూ మూసి 14 మీద చూపు నిలిపి చుట్టూ గళ్లు చూస్తుంది. గీతలు ఉన్నట్టుండి ఎక్కువ వంగితే వెట్ రకంలోకి (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకం) దిగిందేమోనని వెంటనే పరిగెత్తాలి, ఇంజెక్షన్లు ఆలస్యమైతే చూపు దక్కకపోవచ్చు.

ఇవాళ పొద్దున్న ఫోన్‌లో, "నిన్నటి వంకరేరా, పెరగలేదు" అంది.