తోలు అంచు జడ: సూది పట్టకముందే సగం తేలిపోతుంది

తోలు పర్సు అంచుకు లేసుతో, అంటే సన్నటి తోలు పట్టీతో, జడ అల్లడం నేర్చుకుందామనుకునేవాళ్లు వీడియోల్లో చేతుల మీదే కళ్లు పెడతారు. సూది ఎటు దూరింది, ఏ మెలిక కింద నుంచి బయటికొచ్చింది అన్నది ఒక పూటలో పట్టుబడుతుంది. అసలు చిక్కు అక్కడ లేదు. లేసు మందం అంతటా ఒకేలా లేకపోతే, చిల్లుల మధ్య దూరం లేసు వెడల్పుకు పొసగకపోతే, ఎంత తిరిగిన చెయ్యయినా అంచు గతుకులుగానే వస్తుంది. అందుకే ఇక్కడ సగానికి పైగా అల్లికకు ముందు చేసే పని గురించే.

ఏ తోలు, ఏ లేసు

హైదరాబాద్ పాతబస్తీలో చెప్పుల సరుకు అమ్మే కొట్లకు వెళ్లి "తోలు" అంటే ముందు చూపించేది చాలావరకు క్రోమ్‌తో (క్రోమియం లవణాలతో) పదును చేసిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన, మెత్తటి తోలు. జాకెట్లకు, బ్యాగుల లైనింగుకు అది బాగుంటుంది. అంచు అల్లికకు మాత్రం తంటా. లేసు బిగించినప్పుడల్లా చిల్లు సాగుతుంది, పని పూర్తయ్యేసరికి అంచు అలలు తిరుగుతుంది. పర్సు ఒంటికి బెరడుతో పదును చేసిన తోలు కావాలి. దక్షిణాదిలో ఈ పద్ధతికి పాతకాలం నుంచీ వాడినవి తంగేడు బెరడు, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పం బతుకమ్మకే కాదు, తోళ్ల పనికీ అక్కరకొచ్చిన చెట్టు.

కొట్లో తేడా పట్టాలంటే కోసిన అంచు చూడండి. లోపల నీలి బూడిద ఛాయ ఉంటే క్రోమ్, గోధుమ రంగు ఉంటే బెరడు పదును. పైన రంగు పూత లేని చోట నీటి చుక్క వేస్తే బెరడు తోలు వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది. పర్సుకు ఒక్కో పొర 1.2 నుంచి 1.5 మి.మీ. మందం ఉంటే చాలు. రెండు పొరలు కలిసి 3 మి.మీ. దాటితే జడ అంచును పూర్తిగా కప్పలేక ఆపసోపాలు పడుతుంది.

లేసుకు ప్రపంచమంతా మెచ్చేది కంగారూ తోలు. అందులో పీచు చర్మం ఉపరితలానికి సమాంతరంగా అల్లుకుని ఉంటుంది కాబట్టి పలచగా చెక్కినా తెగదు. మనకు అందుబాటులో ఉన్న మంచి లేసు మేక తోలే. 0.8 నుంచి 1 మి.మీ. మందం, 2.5 నుంచి 3 మి.మీ. వెడల్పు సరిపోతుంది. గొర్రె తోలు జోలికి వెళ్లొద్దు, దాని పొరలు విడిపోతాయి. వినైల్ లేసు చౌక, చెయ్యి తిరగడానికి పనికొస్తుంది. కానీ అది రబ్బరులా సాగి మళ్లీ ముడుచుకుంటుంది. దాంతో అలవాటైన బిగింపును తోలు లేసు మీద చూపిస్తే లేసు తెగుతుంది.

లేసు కోయడం

రీలు కొనడం తేలిక, నిజమే. కానీ పర్సు రంగుకు లేసు రంగు కలవాలంటే సొంతంగా కోసుకోవడమే మేలు. గుండ్రటి ముక్క తీసుకుని అంచు నుంచి లోపలికి చుట్టూ తిప్పుతూ కోయాలి. కట్టర్ బ్లేడును చెక్కలో నిలువుగా దిగ్గొట్టి, దానికి 3.5 మి.మీ. దూరంలో ఒక మేకు ఆసరాగా పెడితే తోలు ముక్కను తిప్పుతూ లాగడమే పని. 3 మి.మీ. లేసు కావాలంటే 3.5 కోయమనడానికి కారణం ఉంది: సాగదీస్తే వెడల్పు తగ్గుతుంది.

ఎంత పొడవు వస్తుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. ముక్క వైశాల్యాన్ని కోసే వెడల్పుతో, అంటే 3.5 మి.మీ.తో, భాగిస్తే చాలు. 12 సెం.మీ. వ్యాసం ఉన్న ముక్కలో మధ్యన 3 సెం.మీ. వ్యాసం మేర వదిలేస్తే సుమారు 3 మీటర్లు వస్తుంది. ఆ మధ్య భాగాన్ని ఆశపడి కోయొద్దు. వంపు మరీ ఎక్కువై ఆ లేసు ఎప్పటికీ తిన్నగా పడుకోదు.

కోశాక తడి గుడ్డతో తుడిచి, చేతి మీద చెయ్యి మారుస్తూ నెమ్మదిగా సాగదీసి, కింద చిన్న బరువు కట్టి నీడలో ఆరనివ్వండి. బలహీనమైన చోటు ఉంటే ఇప్పుడే తెగుతుంది. అల్లిక మధ్యలో తెగడం కన్నా ఇదే నయం. ఆరాక గరుకు వైపు రెండు అంచులూ కొద్దిగా ఏటవాలుగా చెక్కితే లేసులు పక్కపక్కన ఒత్తుగా కూర్చుంటాయి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. అంగడి లేసుకూ ఇంటి లేసుకూ తేడా కనిపించేదీ ఇక్కడే.

పర్సుకు ఎంత లేసు కావాలి? చుట్టుకొలతతో పోలిస్తే మామూలు దూర్పుడు కుట్టుకు (చిల్లుల్లోంచి పైకీ కిందికీ పోయేది) ఒకటిన్నర రెట్లు, చుట్టు కుట్టుకు (అంచు మీదుగా చుట్టుకుంటూ పోయేది) మూడున్నర, ఒంటి మెలిక జడకు సుమారు 6, జంట మెలిక జడకు సుమారు 8 రెట్లు. ఈ రెండు జడలూ ఎలా అల్లాలో కింద వస్తుంది. 10 × 7.5 సెం.మీ. కార్డు పర్సు చుట్టూ జంట మెలిక వేయాలంటే 35 సెం.మీ. × 8, అంటే 2.8 మీటర్లు. పైన చెప్పిన ముక్క ఒకటి బొటాబొటిగా సరిపోతుంది.

అంతా ఒకే లేసుగా సూదికి ఎక్కించొద్దు. ఒక బారకు మించితే చివరి భాగం ప్రతి చిల్లులోంచీ రాసుకుంటూ వచ్చి, దాని వంతు వచ్చేసరికి రంగు వెలిసిపోయి ఉంటుంది.

చిల్లులు

ముందుగా రెండు పొరలనూ అంచు వెంట 3 మి.మీ. మేర మాత్రం ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురుతో అతికించండి. రెండు వైపులా పూసి, చేతికి అంటుకోనంత ఆరాకే కలపాలి. మొదలుపెట్టే చోట 2 సెం.మీ. మేర అతికించకుండా వదలండి, లేసు కొసలు దాక్కునేది అక్కడే. తర్వాత రెండు పొరలకూ కలిపి ఒకేసారి చిల్లులు కొట్టాలి. విడివిడిగా కొడితే ఎంత కొలిచినా చివరికి ఒక చిల్లు తేడా వస్తుంది.

గాట్లు పెట్టే నాలుగు పళ్ల ఉలి ఒక దారి, గుండ్రటి పంచ్ మరో దారి. జంట మెలికకు గాట్లు అందం, లేసు చుట్టూ తోలు మూసుకుపోయి చిల్లు కనబడదు. కానీ వరుసగా పడ్డ గాట్లు తపాలా బిళ్లల షీటు మీది చిల్లుల్లాంటివి. అంచుకు మరీ దగ్గరైతే మొత్తం వరుస ఊడి వస్తుంది. అంచు నుంచి కనీసం లేసు వెడల్పంత దూరం, అంటే 3 మి.మీ. ఉండాలి. మెత్తటి తోలుకైతే గాట్ల ఊసెత్తకుండా 2 మి.మీ. గుండ్రటి చిల్లులే కొట్టండి. సికింద్రాబాద్ రాణీగంజ్ పనిముట్ల కొట్లలో ఇలాంటి గొట్టపు పంచ్‌లు దొరుకుతాయి. తెచ్చాక అంచును నీటి కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) మీద నూరుకోవాలి, కొత్తవి తోలును కోయవు, నలుపుతాయి.

ఒక చిల్లు నడుమ నుంచి ఇంకో చిల్లు నడుమకు 4.5 నుంచి 5 మి.మీ. పెట్టుకోండి, 2.5 – 3 మి.మీ. లేసుకు ఇదే పొసగుతుంది. 4కు తగ్గితే మెలికలు ఒకదాని మీద ఒకటి ఎక్కి జడ ఉబ్బుతుంది, 6 దాటితే సందుల్లోంచి అంచు తొంగిచూస్తుంది. కొట్టకముందు డివైడర్‌తో చుట్టూ గుర్తులు పెట్టి చూసుకోండి. చివర్లో సగం చిల్లంత తేడా వస్తే దాన్ని ఒక్కచోట నెట్టకుండా ఆఖరి ఏడెనిమిది చిల్లుల మీద పంచేస్తే కంటికి ఆనదు.

మూలలు గుండ్రంగా కోయండి, రూపాయి నాణెం వంపు బాగుంటుంది. పదునైన మూల మీద ఏ జడా నిలవదు. మూల మీది చిల్లును ఆరెతో (తోలు పొడిచే మొన పనిముట్టు) కొంచెం పెద్దది చేసి ఉంచాలి, ఎందుకో కింద వస్తుంది.

జంట మెలిక

లేసు కొసను ఏటవాలుగా కోసి, గరుకు వైపు పలచగా చెక్కి, చిమటాలా తెరుచుకునే చదును సూదిలో పెట్టి మెల్లగా కొట్టండి. సూది లేకపోతే కొసకు ఒక చుక్క ఫెవిక్విక్ రాసి గట్టిపడ్డాక మొనగా చెక్కినా పని జరుగుతుంది.

పర్సు ముఖం మీ వైపు ఉండాలి, పని ఎడమ నుంచి కుడికి. మొదటి చిల్లులో ముందు నుంచి వెనక్కి దూర్చి, ముందు వైపు 2 – 3 సెం.మీ. తోక వదలండి. ఆ తోకను అంచు మీదుగా వెనక్కి మడవండి. సూదిని వెనక నుంచి అంచు మీదుగా, తోకను తొక్కుతూ ముందుకు తెచ్చి రెండో చిల్లులో దూర్చండి. లాగి, మళ్లీ అంచు మీదుగా ముందుకు తెస్తే అంచు మీద లేసులు రెండూ కత్తెర పడతాయి. సూదిని ఆ కత్తెర కిందుగా ముందు నుంచి వెనక్కి పోనిచ్చి బిగించండి. తర్వాత మూడో చిల్లు, మళ్లీ కత్తెర, మళ్లీ దాని కిందుగా. అంతే. కత్తెర కింద కాకుండా ఒక్క మెలిక కిందుగా మాత్రమే తీస్తే అది ఒంటి మెలిక, దానికి లేసు తక్కువ పడుతుంది, జడ సన్నగా వస్తుంది.

చూడాల్సింది లాగే దిక్కు. జడ సరిగ్గా అంచు నెత్తిన కూర్చోవాలి. మీ వైపు లాగితే ముఖం మీదికి వాలుతుంది, అవతలికి లాగితే వెనక్కి జారుతుంది. చిల్లులోంచి తీసేటప్పుడు పూర్తిగా బిగించి, కత్తెర కిందుగా తీసేటప్పుడు పైకి తిన్నగా, కొంచెం తక్కువ బలంతో లాగండి. రెండిటికీ ఒకే బలం పెడితే కత్తెర నలిగి కనబడకుండా పోతుంది. ప్రతి లాగుడుకూ ముందు లేసు నునుపు వైపు పైకే ఉందో లేదో వేలితో తడమండి. తిరగబడ్డ మెలికను నాలుగు చిల్లుల తర్వాత గమనిస్తే ఆ నాలుగూ విప్పాల్సిందే.

మూల చిల్లులోంచి రెండుసార్లు పోవాలి, రెండుసార్లూ కత్తెర కిందుగా తీస్తూ. లేకపోతే బయటి వంపు చుట్టూ లేసు చాలక విచ్చుకుంటుంది.

లేసు ఇంకా 10 సెం.మీ. ఉండగానే అతుకు వేయండి. పాత కొసను నునుపు వైపు, కొత్త కొసను గరుకు వైపు ఒకటిన్నర సెం.మీ. మేర చెక్కి, జిగురు పూసి ఒత్తాలి. అతుకు మీది అంచు లాగే దిక్కుకు ఎదురు నిలిస్తే చిల్లు దగ్గర ఊడుతుంది, కాబట్టి కొత్త లేసే పైన ఉండాలి. మూల దగ్గరికి అతుకు రానివ్వొద్దు.

చుట్టూ తిరిగి వచ్చాక కలపడం కొందరిని భయపెడుతుంది. మొదటి తోకను కత్తెరలోంచి విప్పి, మొదటి చిల్లులోంచి కూడా బయటికి లాగేయండి. అక్కడ ఖాళీ చిల్లు, దాని పక్కనే ఒక వదులు మెలిక మిగులుతాయి. ఆ ఖాళీ చిల్లుకు ముందు చిల్లుదాకా మామూలుగా అల్లుకొచ్చి, సూదిని ఆ మెలికలోంచి కింది నుంచి పైకి తీయండి. ఆఖరి కత్తెర కిందుగా పోనిచ్చి, తిరిగి అదే మెలికలోంచి కిందికి దించండి. ఖాళీ చిల్లులో దూర్చి రెండు పొరల నడుమకు లాగేయండి. మొదటి తోకనూ అక్కడికే దూర్చి లాగితే మెలిక బిగుస్తుంది. రెండు కొసలూ కత్తిరించి, జిగురు పూసి, వదిలిన సందు మూసేయండి.

మూడు ముందుకు, రెండు వెనక్కి

లేసును కొన్ని చిల్లులు ముందుకు, కొన్ని వెనక్కి దాటిస్తూ అల్లే స్పానిష్ అంచు జడల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇది. నిజంగా అల్లినట్టుంటుంది, ఎటు చూసినా ఒకేలా కనబడుతుంది. దీనికి గాట్లు పనికిరావు. ప్రతి చిల్లులోంచీ లేసు రెండుసార్లు పోతుంది కాబట్టి 2.5 మి.మీ. గుండ్రటి చిల్లులు కావాలి, ఎడం 5 మి.మీ. లేసు 8 – 9 రెట్లు పడుతుంది.

సూది ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే దూరుతుంది. వరుస ఇలా: 1, 4, 2, 5, 3, 6, 4, 7. మొదటి మూడు చుట్లు ఏ అల్లికా లేకుండా ఉన్నవాటి మీదుగానే పోతాయి. 5 నుంచి 3కి వచ్చేటప్పుడు తొలిసారి రెండు లేసులు అడ్డం వస్తాయి. అప్పటి నుంచి నియమం ఒకటే. వెనక్కి వచ్చేటప్పుడు మొదట ఎదురైన లేసు మీదుగా, రెండోదాని కిందుగా. ముందుకు వెళ్లేటప్పుడు మొదటిదాని కిందుగా, రెండోదాని మీదుగా. ఇది తప్పితే వెంటనే తెలియదు, రెండు చిల్లులు గడిచాక అల్లికలో ఒక పొడుగు గీత తేలుతుంది. మొదట్లో వదులుగా అల్లుకుంటూ పోయి, ఐదారు చిల్లులకోసారి మొద్దు ఆరెతో వదులును ముందుకు జరుపుతూ బిగించుకోవడం మంచిది.

ఏ జడ అయినా పూర్తయ్యాక రెండు కాగితాల మధ్య పెట్టి, నున్నటి తల ఉన్న చెక్క సుత్తితో తేలిగ్గా తట్టండి. మెలికల ఎత్తుపల్లాలు సర్దుకుంటాయి. గట్టిగా కొడితే లేసు అంచులు మెరుగెక్కి నలుపు తిరుగుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలికి లేసు గంటలో ఎండి పెళుసెక్కుతుంది. గరుకు వైపు తడి స్పాంజితో ఒకసారి తుడిచి మొదలుపెట్టండి. నునుపు వైపు తడిపితే రంగు కారి లేత తోలుకు అంటుకుంటుంది. కొబ్బరి నూనె రాయమని ఎవరైనా అంటే వినకండి, మచ్చ పోదు. వానాకాలంలో బూజు బెడద ఎక్కువ, లేసు చుట్టలను ప్లాస్టిక్ కవర్లో కాకుండా నూలు గుడ్డలో చుట్టి గాలి తగిలే చోట పెట్టండి. బూజు పట్టినా పైపైన ఉంటే పొడి గుడ్డతో తుడిచి ఆరబెట్టి వాడుకోవచ్చు. కాకపోతే సాగదీసి చూశాకే సూదికి ఎక్కించండి.